‘పని నడుస్తోందండీ!’... ఎక్కడిదాకా?

అపార్ట్‌మెంట్లలో చాలా తగాదాలు డబ్బు పోయినందుకు రావు. చేయిస్తామన్న పని ఎంతవరకు వచ్చిందో తెలియనందుకు వస్తాయి. గేటు దగ్గర అతికించే ఒక్క కాగితం ఆ తగాదాల్ని ఆపగలదు. ఎలాగంటే...

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత. గొర్రె అందరిదీ. పుండు పడిన సంగతీ అందరికీ తెలుసు. మందు ఎవరో ఒకరు వేయిస్తారులే అని అందరూ అనుకున్నారు. అడిగినప్పుడల్లా ‘చూస్తున్నాం’ అనే జవాబే వచ్చింది. చివరికి గొర్రె దక్కలేదు!

పల్లెలో గొర్రెకి పుట్టిన ఆ సామెత ఇప్పుడు పట్నంలో లిఫ్టుకీ, వాటర్‌ ట్యాంకుకీ, మెట్ల మీద ఆరిపోయిన ట్యూబ్‌లైటుకీ సరిగ్గా సరిపోతోంది. బందరులోనో గుడివాడలోనో పదహారు ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌ ఒకటి ఊహించుకోండి. పైకప్పు కారుతోంది. మీటింగు పెట్టారు. ఫ్లాటుకి మూడు వేలు వేసుకున్నారు. మేస్త్రీకి అప్పజెప్పారు. అక్కడి నుంచి కథ ఇలా సాగుతుంది.

‘‘మాస్టారూ, పైకప్పు పని ఏమైందండీ?’’

‘‘నడుస్తోందండీ.’’

మరుసటి నెల...

‘‘మాస్టారూ, ఆ పైకప్పు సంగతి...’’

‘‘నడుస్తోందమ్మా. మేస్త్రీ రావాలి.’’

మూడో నెల వచ్చేసరికి సెక్రటరీ మాస్టారిని అడగటం మానేస్తారు. ఒకరినొకరు అడుక్కోవడం మొదలుపెడతారు. ‘‘తలా మూడు వేలూ ఇచ్చాం కదా, ఏం చేశారంటారు?’’ నాలుగో నెలలో ఆ ప్రశ్నకి జవాబు కూడా వాళ్లే చెప్పేసుకుంటారు. ‘‘ఊరికే తిరుగుతాడా ఆయన? ఎంతో కొంత ముట్టే ఉంటుంది!’’

నిజానికి ఏం జరిగింది? పగుళ్లు పూడ్చారు. మొదటి పూత వేశారు. అకాల వర్షం పడింది. తడి ఆరితేగానీ రెండో పూత వేయకూడదని మేస్త్రీ ఆగాడు. ఆ సంగతి మాస్టారికీ మేస్త్రీకీ తప్ప మూడోమనిషికి తెలియదు. ఓ సాయంత్రం ‘ముట్టే ఉంటుంది’ అన్న మాట మాస్టారి చెవిన పడుతుంది. పెన్షన్‌ మీద బతికే మనిషి. మోకాళ్ల నొప్పులతో రోజూ నాలుగంతస్తులు ఎక్కి దిగిన మనిషి. మోటారు గది తాళాలూ, రసీదు పుస్తకాలూ తెచ్చి బల్ల మీద పెట్టేసి ‘ఇక నావల్ల కాదు బాబూ’ అని వెళ్లిపోతాడు. మరో సెక్రటరీ దొరకడు. పైకప్పు మాత్రం కారుతూనే ఉంటుంది!

ఇక్కడ పైసా కూడా పక్కదారి పట్టలేదు. పోయింది నమ్మకం ఒక్కటే. దాన్ని మళ్లీ పోగేయడానికి చందాలు చాలవు.

శివారు రైతు ప్రశ్న

‘నడుస్తోంది’ అనే మాట బందరు వాళ్లకి బాగా అలవాటైనదే. బందరు పోర్టుకి 2008లో శంకుస్థాపన జరిగింది. 2019లో మరోసారి పనులకు శ్రీకారం చుట్టారు. 2023లో తపసిపూడి దగ్గర మళ్లీ శంకుస్థాపన చేశారు. ఇన్ని శిలాఫలకాలు చూసిన ఊళ్లో ఇప్పుడు ‘పని మొదలైందా’ అని ఎవరూ అడగరు. ‘ఎంతవరకు వచ్చింది’ అనే అడుగుతారు. బ్రేక్‌వాటర్‌ ఎంత దూరం పడిందో, బెర్తుల పని ఏ దశలో ఉందో టీ కొట్టు దగ్గర కూడా మాట్లాడుకుంటారు.

దివిసీమ రైతుకైతే ఈ ప్రశ్న తాతల నాటి నుంచీ వస్తున్న విద్య. ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలవలకు నీళ్లు వదిలారని పేపర్లో వస్తుంది. నాగాయలంకలోనో కోడూరులోనో ఉన్న శివారు రైతు ఆ వార్త చూసి నారుమడి దున్నేయడు. ‘నీళ్లు ఏ లాకు దాటాయి?’ అని అడుగుతాడు. ఎగువన తలుపులు ఎత్తినంత మాత్రాన తన బోదెలోకి నీరు రాదని అతనికి తెలుసు. మధ్యలో గుర్రపుడెక్క అడ్డుపడి ఉండొచ్చు. ఎక్కడో గట్టు తెగి ఉండొచ్చు. పైనున్నవాళ్లు ఇంకా తడుపుకొంటూ ఉండొచ్చు. అందుకే అతనికి కావలసింది ‘వదిలారా’ అన్నదానికి జవాబు కాదు, ‘ఎక్కడిదాకా వచ్చాయి’ అన్నదానికి.

కాలవ పనులదీ అదే తంతు. వేసవిలో కాలవలు కట్టేశాక పూడిక తీయాలి, గట్లు పటిష్ఠం చేయాలి, తూములకు మరమ్మతులు చేయాలి. అన్నీ మళ్లీ నీళ్లు వదిలేలోగా పూర్తి కావాలి. నీళ్లొచ్చాక పూడిక తీస్తామంటే కుదరదు కదా! ఆ పనుల మీద రైతుల కన్ను ఉండాలనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం తెచ్చారు. ఆ ఏడాదే రాష్ట్రమంతటా పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. ఆ సంఘాల విధుల్లో లెక్కల ఆడిట్‌తోపాటు సామాజిక తనిఖీ కూడా ఉంది. అంటే, చేసిన పనిని దాని వల్ల బాగుపడాల్సినవాళ్ల ముందే పెట్టి చూపించడమన్నమాట. సంఘాలు ఎంత బాగా నడిచాయన్నది ఊరిని బట్టి ఉంటుంది. చట్టం చెప్పిన పద్ధతి మాత్రం చక్కనిది. ఉమ్మడి పని చేయిస్తే సరిపోదు, ఎంతవరకు వచ్చిందో నలుగురికీ కనిపించాలి.

పొలం గట్టున ఇంత పట్టుగా అడిగే మనం, అదే పొలం అమ్మో కౌలుకిచ్చో పట్నంలో ఫ్లాటు కొనుక్కున్నాక ‘నడుస్తోందండీ’ అంటే తలూపి లోపలికి వచ్చేస్తున్నాం!

బిల్డరు వెళ్లాక...

ఫ్లాటు కట్టేటప్పుడు బిల్డరు ‘నడుస్తోంది’ అంటే ఊరుకోనక్కర్లేదు. 2016లో వచ్చిన రియల్‌ ఎస్టేట్‌ నియంత్రణ చట్టం... మనందరం ‘రెరా’ అని పిలుచుకునేది... ఆ విషయంలో గట్టిగానే ఉంది. ఎనిమిది ఫ్లాట్లు మించినా, స్థలం 500 చదరపు మీటర్లు మించినా ప్రాజెక్టును రెరాలో నమోదు చేయాలి. మూడు నెలలకోసారి తాజా వివరాలను రెరా వెబ్‌సైటులో పెట్టాలి. కొన్నవాళ్లిచ్చిన సొమ్ములో 70 శాతాన్ని విడిగా ఓ బ్యాంకు ఖాతాలో ఉంచాలి. అందులోంచి తీయాలంటే పని ఎంత జరిగిందో ఇంజినీరూ, ఆర్కిటెక్టూ, చార్టర్డ్‌ అకౌంటెంటూ ధ్రువీకరించాలి. పని ఎంతయితే పైకం అంతే!

ఇల్లు అప్పగించాక కూడా బిల్డరు బాధ్యత పూర్తిగా తీరిపోదు. అప్పగించిన నాటి నుంచి అయిదేళ్లలోపు నిర్మాణంలోగానీ పనితనంలోగానీ లోపం బయటపడి, ఆయన దృష్టికి తీసుకెళ్తే, 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. ఉమ్మడి స్థలాల పత్రాలూ, ప్లాన్లూ సంఘానికి అప్పగించాల్సిందీ ఆయనే. చాలా సంఘాలకి ఆ అయిదేళ్లు ఎప్పుడు నిండుతాయో కూడా గుర్తుండదు. గోడ బీటలిచ్చాక పాత కాగితాలు వెతుక్కునేసరికి గడువు దాటిపోయి ఉంటుంది.

ఆ తర్వాత పెత్తనమంతా మనదే. సంఘాన్ని రిజిస్టరు చేయించుకోవడానికి 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్‌ చట్టం ఉంది. అపార్ట్‌మెంట్ల నిర్మాణం, యాజమాన్యం మీద 1987 నుంచే ప్రత్యేక చట్టమూ ఉంది. కానీ మెట్ల దారికి రంగులు ఎంతవరకు వచ్చాయో మూడు నెలలకోసారి చెప్పమని మన వెంటపడేవాళ్లెవరూ ఉండరు. బిల్డరు దగ్గర ముక్కుపిండి వసూలు చేసిన లెక్కను మనకి మనం చెప్పుకోవడం మానేస్తాం. తేడా అంతా అక్కడే వస్తోంది.

ఒక్క కాగితం చాలు

దీనికి కంప్యూటర్లూ, ఖరీదైన యాప్‌లూ అక్కర్లేదు. ఓ పొడవాటి రిజిస్టరు, దాంట్లోంచి నెలకోసారి ఎత్తిరాసి గేటు దగ్గర అతికించే ఒక కాగితం... ఈ రెండూ ఉంటే చాలు. ఒక్కో పనికి ఈ కింది వివరాలు ఉండాలి. పైన చెప్పుకొన్న మాస్టారి పైకప్పు పనినే ఉదాహరణగా తీసుకుందాం.

పని: పైకప్పు లీకేజీ మరమ్మతు.
తీర్మానం: ఏప్రిల్‌ 6 మీటింగులో.
ఒప్పుకున్న మొత్తం: 45,000 రూపాయలు, సరుకుతో కలిపి.
ఇప్పటిదాకా ఇచ్చింది: 20,000. ఇవ్వాల్సింది: 25,000.
ఎంతవరకు వచ్చింది: పగుళ్లు పూడ్చారు. మొదటి పూత అయింది. రెండో పూత, నీళ్లు నిలగట్టి చూడటం మిగిలాయి.
ఎందుకు ఆగింది: వాన పడింది, తడి ఆరాలి.
మళ్లీ మొదలయ్యేది: మే 5.
దగ్గరుండి చూసేది: 203 ఫ్లాటు వారు.

ఇంతే! రాయడానికి అయిదు నిమిషాలు పడుతుంది. ఇది గోడ మీద ఉంటే ‘ముట్టే ఉంటుంది’ అన్న మాట పుట్టడానికి సందే లేదు. ఎవరైనా అన్నా, ‘పోయి కాగితం చూడవయ్యా’ అని పక్కవాళ్లే నోరు మూయిస్తారు. మాస్టారు తన నిజాయతీకి తాను సాక్ష్యం వెతుక్కోనక్కర్లేదు.

చివరి గడిని చిన్నచూపు చూడొద్దు. ‘కమిటీ చూసుకుంటుంది’ అని రాస్తే ఎవరూ చూడరు. అదే మళ్లీ ఉమ్మడి గొర్రె అవుతుంది. పనికి ఒక్క మనిషి పేరే ఉండాలి. ఆ మనిషి కమిటీ సభ్యుడే కానక్కర్లేదు. రోజంతా ఇంట్లో ఉండే గృహిణి కావచ్చు, రిటైరైన ఓవర్సీరుగారు కావచ్చు. మేస్త్రీ ఎన్ని గంటలకు వచ్చాడో, ఎన్ని బస్తాలు దింపాడో ఇంటిపట్టున ఉన్నవాళ్లకి తెలిసినంతగా ఆఫీసుకెళ్లే అధ్యక్షుడికి తెలియదు.

శాతాలు కాదు... మెట్లు!

‘పని ఎంతవరకు వచ్చిందండీ?’ అంటే ‘ఎనభై శాతం అయిపోయింది’ అనేస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ ఎనభై ఎవరు కొలిచారు? నెల తర్వాత అడిగినా అదే ఎనభై శాతం! మిగిలిన ఇరవై ఎప్పటికీ పూర్తికాదు. శాతం చెప్పాలంటే కొలిచే ఇంజినీరు ఉండాలి. అపార్ట్‌మెంటు పనికి శాతాల కన్నా మెట్లే మేలు.

పని మొదలుపెట్టే ముందే దాన్ని నాలుగైదు మెట్లుగా విడగొట్టుకోవాలి. పైకప్పు పని అయితే... పెచ్చులు తీసి శుభ్రం చేయడం, పగుళ్లు పూడ్చడం, మొదటి పూత, రెండో పూత, ఒకటి రెండు రోజులు నీళ్లు నిలగట్టి కింద చెమ్మ దిగుతోందేమో చూడటం. ప్రతి మెట్టుకీ జవాబు ‘అయింది’, ‘కాలేదు’... రెండే! మధ్యలో ‘అయినట్టే’ అన్న మాటకి చోటుండకూడదు. ఏడో తరగతి పిల్లాడు మేడెక్కి చూసి కూడా ఏ మెట్టులో ఉందో చెప్పగలగాలి. దివిసీమ రైతు నీళ్లని లాకుల లెక్కన కొలిచినట్టే ఇదీనూ.

మెట్లు రాసుకుంటే ఇంకో లాభం ఉంది. చివరి మెట్టు ఏమిటో అందరికీ ముందే తెలుస్తుంది. రంగు వేయడంతో పైకప్పు పని అయిపోయినట్టు కాదు, చెమ్మ దిగకపోతేనే అయినట్టు. కొత్త మోటారు బిగించడంతో పని అయిపోయినట్టు కాదు, నాలుగో అంతస్తు కుళాయిలో నీళ్లు పడితేనే అయినట్టు. అక్కడుండేది మన శివారు రైతు మరి!

పనికి తగ్గ పైకం

మేస్త్రీలూ, ప్లంబర్లూ చెడ్డవాళ్లేం కాదు. నాలుగిళ్లలో పని ఒప్పుకోవడం వాళ్ల బతుకుదెరువు. ఎక్కడ బాకీ ఎక్కువ రావాల్సి ఉంటే అక్కడికి ముందు వెళ్తారు. పూర్తి పైకం ముందే ఇచ్చేసిన చోటికి చివర్న వస్తారు. ఎవరైనా అంతే కదా!

అందుకే పైకాన్ని మెట్లకి ముడిపెట్టాలి. పైన చెప్పుకొన్న 45,000 రూపాయల పనిలో సరుకు దిగాక 10,000, మొదటి పూత అయ్యాక 10,000, రెండో పూత అయ్యాక 15,000, మొదటి పెద్ద వాన దాటాక మిగిలిన 10,000... ఇలా ముందే కాగితం మీద రాసుకుని మేస్త్రీ చేతా సంతకం పెట్టించుకుంటే ఇద్దరికీ హాయి. ఆయన కూడా పైకం కోసం సెక్రటరీ ఇంటి చుట్టూ తిరగనక్కర్లేదు. ఏ మెట్టు దాటితే ఎంత వస్తుందో ఆయనకీ తెలుసు.

చెల్లింపులు వీలైనంత వరకు సంఘం బ్యాంకు ఖాతా నుంచే వెళ్లాలి. చేతి ఖర్చుగా ఇచ్చిన ఆటో కిరాయికైనా చిన్న చీటీ రాసి దాచాలి. మీటింగులో పెద్ద మొత్తాల మీద రాని గొడవ ఒక్కోసారి ఆ నూట యాభై రూపాయల ఆటో మీద వస్తుంది!

ఆగిన పనికీ ఓ గడి

చాలా సంఘాల్లో ఆగిపోయిన పని గురించి రాయడానికి నామోషీ పడతారు. పూర్తయినవే చెప్పుకుంటారు, ఆగినవి అడిగితేగానీ చెప్పరు. నిజానికి నోటీసు కాగితంలో అన్నిటికన్నా విలువైన గడి ‘ఎందుకు ఆగింది’ అన్నదే.

పని ఆగడానికి కారణాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డబ్బు చాలకపోవడం, మనిషి రాకపోవడం, సరుకు దొరక్కపోవడం, వాన, మున్సిపాలిటీ అనుమతో విద్యుత్‌ శాఖ అనుమతో రాకపోవడం, లేదంటే ఇద్దరు ఓనర్ల మధ్య మాట కుదరకపోవడం. కారణం రాస్తే దారి కూడా కనిపిస్తుంది. ‘ట్రాన్స్‌ఫార్మర్‌ మార్పు... దరఖాస్తు ఇచ్చాం, జవాబు రాలేదు’ అని రాసి ఉంటే ఆ ఆఫీసులో పనిచేసే బావమరిది ఉన్న ఫ్లాటాయన ‘నేను కనుక్కుంటానుండండి’ అంటాడు. రాయకపోతే ఆయనకి ఆ సంగతే తెలియదు.

కొన్నిసార్లు పనిని వదిలేయాలనే నిర్ణయమూ తీసుకోవాల్సి వస్తుంది. గేటుకి సీసీ కెమెరాలు అనుకున్నారు, డబ్బు చాల్లేదు. అలాంటప్పుడు ‘ఈ ఏడాదికి విరమించుకున్నాం’ అని తేదీ వేసి రాసేయడం మర్యాద. రాయకుండా నానబెడితే అదే ప్రశ్న ప్రతి మీటింగులోనూ లేస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం కాగితం హద్దు దాటకూడదు. మెయింటెనెన్సు బాకీ ఉన్నవాళ్ల పేర్లు గేటు దగ్గర అతికించి పరువు తీయొద్దు. బాకీల మొత్తం ఎంతో రాస్తే చాలు. ఎవరి బాకీ ఎంతో వాళ్లకి విడిగా చీటీ పంపొచ్చు. కాగితం పెట్టేది పని కదలడానికి, పొరుగువారిని దోషిగా నిలబెట్టడానికి కాదు.

ఉప్పుగాలి, తుపాను... మన క్యాలెండరు

ఏ పనికైనా గడువు ఉండాలంటారు. మరి ఆ గడువు ఎవరు పెట్టాలి? కృష్ణా డెల్టాలో ఆ పని ప్రకృతే చేసి పెట్టింది.

పైకప్పు, వాన గొట్టాలు, డ్రైనేజీ... ఇవి జూన్‌లోగా అయిపోవాలి. జనరేటరు, మోటార్లు, కరెంటు ప్యానెళ్లు, పైనున్న ట్యాంకుల బిగింపులు, వదులైన రేకులు... ఇవి సెప్టెంబరు దాటకూడదు. ఎందుకో ఇక్కడివాళ్లకి చెప్పనక్కర్లేదు. బందరును ఉప్పెన ముంచి సుమారు ముప్ఫై వేలమందిని పొట్టనపెట్టుకున్నది 1864 నవంబరు 1న. దివిసీమలో పదివేలమందికి పైగా ప్రాణాలు తీసిన ఉప్పెన 1977 నవంబరు 19న. రెండూ నవంబరే! అప్పుడు జనానికి ముందస్తు కబురు సరిగా అందలేదు. ఇప్పుడు తుపాను కబురు రోజుల ముందే తెలుస్తోంది. తెలిసినా, జనరేటరు మరమ్మతు ‘నడుస్తూ’ ఉంటే ఏం లాభం? 2014 అక్టోబరులో హుద్‌హుద్‌ వచ్చినప్పుడు విశాఖ అపార్ట్‌మెంట్లలో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే మోటారు లేదు, లిఫ్టూ లేదు. పై అంతస్తుల్లోని ముసలివాళ్లకి మంచినీళ్ల బిందె కూడా గగనమే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలే మునిగాయి. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద దిగువకు వెళ్లింది. కృష్ణ ఒడ్డున దివిసీమ లంకలు వణికాయి. సెల్లార్లో మోటార్లూ, ప్యానెళ్లూ పెట్టుకున్న ప్రతి అపార్ట్‌మెంటుకీ అది ఓ హెచ్చరిక. ‘ప్యానెల్‌ బోర్డు పైకి మార్చాలి’ అని ఎప్పుడో అనుకున్న తీర్మానం మీ రిజిస్టరులో కూడా ఉందేమో ఓసారి చూడండి. ఉంటే దాని పక్కన తేదీ ఉందా?

ఇక బందరు ఉప్పుగాలి. ఇది ఏడాదంతా పనిచేసే ప్రత్యర్థి. కాంక్రీటు నిర్మాణాలకు ప్రమాణమైన ఐఎస్‌ 456 సముద్రతీర వాతావరణాన్ని ‘తీవ్ర’ తరగతిలో చేర్చింది. అలాంటి చోట ఇనుప చువ్వ మీద సాధారణంగా 45 మిల్లీమీటర్ల మందాన కాంక్రీటు కప్పు ఉండాలంటుంది. అది తక్కువైతే ఉప్పు తేమ చువ్వ దాకా చేరుతుంది. చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది. పైనున్న కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. బాల్కనీ కింద సన్నటి గోధుమరంగు గీత కనిపించినప్పుడే రిజిస్టరులోకి ఎక్కించాలి. తేదీ వేసి ఫొటో తీసి పెట్టాలి. ఆరు నెలలకి మళ్లీ ఫొటో తీస్తే గీత పెరిగిందో లేదో వాదన లేకుండా తేలిపోతుంది. ‘అప్పట్నుంచీ అలాగే ఉందండీ’ అనే మాటకి మించిన ప్రమాదం లేదు.

మరొకటి కూడా రాసుకోవాలి. సెప్టిక్‌ ట్యాంకు శుభ్రం చేయించేటప్పుడు మనిషిని లోపలికి దించకూడదు. 2013 నాటి చట్టం రక్షణ పరికరాలు లేకుండా అలా దించడాన్ని నిషేధించింది. పని తొందరగా అయిపోతుందని ‘ఓ అయిదు నిమిషాలు దిగవయ్యా’ అన్న మాటకి ఓ ఇల్లు దీపం ఆరిపోవచ్చు. యంత్రం రావడానికి వారం పడితే, ‘యంత్రం కోసం ఆగాం’ అని రాయండి. ఆ ఆలస్యానికి సిగ్గుపడనక్కర్లేదు.

దూరాన ఉన్న ఓనరు

గుడివాడ, బందరుల్లో ఫ్లాటు ఒకరిది, అందులో ఉండేది మరొకరు కావడం మామూలైపోయింది. ఓనరుగారి అబ్బాయి హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉంటాడు. ఇక్కడ అద్దెకున్నవాళ్లు ‘ఓనరుని అడగండి’ అంటారు. ఓనరుకి ఫోను చేస్తే ‘ముందు పాత డబ్బులకి ఏం చేశారో చెప్పండి’ అంటాడు. అతని ప్రశ్నలోనూ తప్పు లేదు. అతనికి కనిపించేది బ్యాంకులోంచి వెళ్లిన డబ్బొక్కటే!

‘వాట్సప్‌ గ్రూపు ఉంది కదా’ అంటారు. ఉంది. అందులో ఉదయాన్నే దేవుడి బొమ్మలుంటాయి, పుట్టినరోజు కేకులుంటాయి, పార్కింగు మీద రుసరుసలుంటాయి. వాటి మధ్య పైకప్పు సంగతి ఏ మూలో కొట్టుకుపోతుంది. గేటు దగ్గర అతికించిన కాగితాన్నే ప్రతి నెలా ఒకే తేదీన ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి. ప్రతి నెలా 5న వస్తుందని తెలిస్తే డల్లాస్‌లో ఉన్నాయన కూడా ఆ రోజు చూస్తాడు. మధ్యలో అడిగినవాళ్లకి ‘5న చూడండి’ అంటే చాలు. సెక్రటరీకి ఫోన్ల బెడద తగ్గుతుంది. అద్దెకున్నవాళ్లకీ ఆ కాగితం కనిపించాలి. కారుతున్నది వాళ్ల నెత్తి మీదే కదా!

‘ఊరికే చేసేవాళ్లకి లెక్కలా?’

సెక్రటరీలు అడిగే మాట ఒకటుంది. ‘‘జీతమా, భత్యమా? మా పనులు మానుకుని చేస్తున్నాం. మళ్లీ మేమే రాసి అతికించాలా?’’ న్యాయమైన మాటే. అందుకే రాసే పని సెక్రటరీ మీద పెట్టకూడదు. నెలకో ఫ్లాటు చొప్పున వంతులు వేసుకోవచ్చు. ఆ నెల వంతు వచ్చినవాళ్లు మేడెక్కి, మోటారు గదిలోకి తొంగిచూసి, సెక్రటరీని రెండు ముక్కలు అడిగి కాగితం నింపుతారు. పదహారు ఫ్లాట్లుంటే ఏడాదికోసారి వంతు కూడా రాదు!

ఇందులో ఓ చిన్న కిటుకు ఉంది. వంతు వచ్చి ఒక్కసారి కాగితం నింపినాయనకి మేస్త్రీని పిలిపించడం, కొటేషన్లు తెప్పించడం, మోటారు వైండింగుకి పంపడం ఎంత కష్టమో తెలిసొస్తుంది. మరుసటి మీటింగులో ఆయన గొంతు కాస్త తగ్గుతుంది. ‘ఏం చేస్తున్నారసలు?’ అన్న మనిషే ‘నేనేమైనా చేయాలా?’ అంటాడు.

పుస్తకం చేతులు మారాలి

కమిటీలు మారతాయి. ఓడినవాళ్లకీ, దిగిపోయినవాళ్లకీ అలకలుంటాయి. కొత్త కమిటీ వచ్చాక లిఫ్టు ఏ కంపెనీ మనిషి చూస్తున్నాడో, పెయింటరుకి బాకీ ఎంతో, బిల్డరు ఇచ్చిన ప్లాన్లు ఎవరి బీరువాలో ఉన్నాయో తెలియక తలలు పట్టుకుంటారు. పాతవాళ్లు మొదలుపెట్టిన పనిని కొత్తవాళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. మన ఊళ్లలో ఒకే పనికి రెండు శిలాఫలకాలు పడేది ఇలాగే!

ఏడాది చివర్న జనరల్‌ బాడీలో జమాఖర్చుల పక్కనే పనుల రిజిస్టరూ చదవాలి. పూర్తయినవి ఎన్ని, నడుస్తున్నవి ఏ మెట్టులో ఉన్నాయి, ఆగినవి ఎందుకు ఆగాయి, విరమించుకున్నవి ఏవి? నాలుగు ముక్కల్లో చదివి, అందరి ముందూ కొత్త సెక్రటరీ చేతికి ఆ పుస్తకం ఇవ్వాలి. ఇచ్చినాయనా పుచ్చుకున్నాయనా అందులోనే తేదీ వేసి సంతకాలు పెట్టాలి.

అలా చేసే చోట సెక్రటరీ పదవికి మనుషులు దొరుకుతారు. ఎందుకంటే ఆ కుర్చీలో కూర్చున్నవాడికి పని ఉంటుంది, నింద ఉండదు. రిటైరైన మాస్టారు ధైర్యంగా ఒప్పుకుంటారు. మోకాళ్లు నొప్పిపెట్టినా మేడెక్కి, రెండో పూత ఆరిందో లేదో చేత్తో తడిమి చూసి, కిందికొచ్చి కళ్లద్దాలు సర్దుకుని, ఆ గడిలో ఒక్క మాట రాస్తారు... ‘అయింది’ అని!